మూడు రంధ్రాల బిగువు

పోలీసు పరేడు మైదానం చివర సాయిలు నిలబడి ఉన్నాడు, ఎండ ఉంది గాని నీడలు లేవు, ఎదురుగా తెల్ల గుర్రం పక్కన అన్న మొగులయ్య తల దించుకుని నడిచి వస్తున్నాడు, పోయి ఏడాదైన మనిషి ఎలా వస్తాడన్న ఆలోచనే సాయిలుకు రాదు, ఇంత ఆలస్యం చేశాడేమిటన్న విసుగు మాత్రం కలుగుతుంది.

"మెడ గట్ల వంచి కడితే గుర్రానికి తొవ్వెట్ల కనవడ్తదిరా?" అంటాడు మొగులయ్య. టాంగా తోలి బతికినవాడు, టాంగాలు పోయాక పెళ్లి గుర్రం పెట్టుకున్నా, దాని తల వదులుగా ఉంటేనే అతనికి నిమ్మళం. సాయిలు పోలీసు గుర్రాల సవారు. మెడ వంపు తిరగకపోతే అతని కంటికి అది గుర్రమే కాదు.

"పరేడుల గట్లనే ఉండాలె అన్నా. రేసు గుర్రమైతే మెడ సాపి ఉర్కుతది, పెండ్లి గుర్రమైతే గదుమ రొమ్ముకు ఆనించి ఆడుతది. దేని పద్ధతి దానిది."

అంటూండగానే మైదానం పెళ్లి వీధి అయిపోతుంది, బ్యాండు వాళ్ల బుగ్గలు ఉబ్బుతున్నాయి గాని చప్పుడు లేదు, పెళ్లికొడుకును దింపి గుర్రమెక్కి ఇంటికి బయల్దేరిన అన్నకు ఎదురుగా మూత లేని మురుగు మోరీ ఉంది. ఆ రోజు సెలవు పెట్టి తోడు వచ్చిన సాయిలు, అన్న చాయకు పోయిన సందు చూసి, ఊరేగింపు ఫోటోలో గుర్రం దర్జాగా పడాలని, కళ్లేన్ని రొమ్ముకు కట్టే తోలు పట్టీని మూడు రంధ్రాలు బిగించాడు. గుర్రం మోరీని చూడలేదు. అందులో కాలు పడి, కిందపడ్డ మొగులయ్య మీదే ఒరిగింది, అతను అక్కడికక్కడే పోయాడు. జనం చేరేలోగా పట్టీ విప్పి జేబులో దాచుకున్నదీ సాయిలే. తప్పంతా గుర్రం నెత్తిన పడింది, పొగరుబోతుదని కారుచౌకగా అమ్మేశారు.

"పద్ధతులన్ని చెప్పినవు గని, పట్టీ ఎవలు బిగించిన్రో చెప్పకపోతివి," అంటాడు మొగులయ్య. గొంతులో కోపం లేదు, అదే సాయిలును కోసేస్తుంది.

"నీకెర్కేనా అన్నా?"

"నేనెక్కిన గుర్రం సంగతి నాకెర్కలేదా? తమ్ముడు ముచ్చటపడి కట్టిండు, ఇంటికి పోయినంక వదులు చేద్దమనుకున్న. మీ వదినకు చెప్పినవా?"

సాయిలు గుర్రం వైపు తిరిగి దాని జూలు సవరిస్తాడు.

"సరే, జర వదులు చెయ్యి. నీ మొకం చూస్త."

అప్పుడు కనిపిస్తుంది, అన్న తల దించుకోలేదు, గడ్డం రొమ్ముకు ఆనేలా పట్టీ కట్టి ఉంది, సాయిలు అన్న మెడ చుట్టూ తడుముతాడు, పట్టీ చేతికి తగులుతుంది గాని బకిల్ ఎక్కడా దొరకదు.

"సాయిలూ, లే. చాయ సల్లారుతున్నది."

కుర్చీలోనే కునుకు పట్టేసింది. గడ్డం రొమ్ముకు ఆని ఉంది, మెడ పట్టేసి తల పైకి లేవడం లేదు. వదిన పోశవ్వ పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి.

"మల్ల కలవరించినవు. ఆ గుర్రమేనా? నా ఇల్లు ముంచింది, యాడున్నదో దాని కాళ్లిరగ," అంది పోశవ్వ. రోజూ అనే మాటే.

"గుర్రం తప్పేం లేదొదినా," అన్నాడు సాయిలు. "పట్టీ నేనే బిగించిన."

ఆ పాదాలు ఒక అడుగు వెనక్కి వేశాయి.