గో అరౌండ్ అంటే

చాందీ మేనమామ ప్రేమ్‌సింగ్ జన్మలో విమానం ఎక్కలేదు. అయినా ఆ వారమంతా రోజూ పొద్దున్నే ఆమె కోసం ప్రయాణికుడయ్యాడు. వసారాలో నులకమంచం మీద కూర్చుని, నడుముకు తువాలు బిగించుకుని, మేనకోడలు ఎట్లా చెప్తే అట్లా చేసేవాడు. ఆమె "బ్రేస్!" అని అరిస్తే తల వంచి మోకాళ్లకు ఆనించబోయేవాడు. పొట్ట ఉబ్బి ఉండడంతో తల సగం దాకానే వంగేది.

"గింతే వంగుతది బిడ్డా. ఇమానం కూలితే నా తలకాయ నేను చూసుకుంట. నువ్వు మిగిలినోళ్లను చూడు" అనేవాడు.

చాందీ శంషాబాద్‌లో ఒక విమానాల కంపెనీలో ఎయిర్‌హోస్టెస్ శిక్షణలో ఉంది. చివరి పరీక్షకు ముందు సెలవులిస్తే ఇంటికి వచ్చింది. సోమవారం మధ్యాహ్నం పరీక్ష. అది గట్టెక్కితే ఉద్యోగం ఖాయం. డోర్నకల్‌కు దగ్గర్లో, వాగు అవతల ఉండే రేగడి తండా వాళ్లది. ఇంట్లో లంబాడీ మాట, బయట తెలుగు. డిగ్రీ జనగామలో హాస్టల్లో ఉండి చదివింది. ఇప్పుడు పైలట్లూ సిబ్బందీ వాడే ఇంగ్లీషు మాటలన్నీ అర్థంతో సహా నోటికి రావాలి.

"డెడ్‌హెడ్ అంటే ఏంది? సచ్చిన తలకాయనా?" అని అడిగాడు ప్రేమ్‌సింగ్ ఒక పొద్దున.

"కాదు మామా. మనం డ్యూటీ మీద పోతుంటం గని ఆ ఇమానంల పని చెయ్యం. ప్యాసింజర్ లెక్క కూసొని ఇంకో ఊరికి పోతం. ఆడికెళ్లి డ్యూటీ ఎక్కుతం."

"గదా! మా రైలు డ్రైవర్లు స్పేర్ల పోతున్నం అంటరు. గదే గిది."

ఆయన డోర్నకల్ దగ్గర రైలు పట్టాల మీద ట్రాక్‌మన్‌గా పనిచేసేవాడు. కిడ్నీలు పాడై ఉద్యోగం మానుకున్నాడు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. చెల్లెలి ఇంట్లోనే ఉంటున్నాడు. రోజు విడిచి రోజు మానుకోట దవాఖానకు పోయి డయాలసిస్ చేయించుకుంటాడు. చాందీ విమానంలో పని చేస్తానన్నప్పుడు తండ్రి దేవ్యా నెలరోజులు మాట్లాడలేదు. ప్రేమ్‌సింగ్ మాత్రం ఇంటర్వ్యూకు వెంట వచ్చి, ఆ పెద్ద భవనం బయట ఎండలో సాయంత్రం దాకా కూర్చున్నాడు.

శుక్రవారం వాన పట్టుకుంది. శనివారం ఆయన దవాఖానకు పోవాల్సిన రోజు. వాగు మీది కల్వర్టు పైనుంచి నీళ్లు పారుతున్నాయని ఆటో రాలేదు.

"ఒక్కపారి తప్పితే ఏమైతది?" అన్నాడు ప్రేమ్‌సింగ్. "సోమారం పొద్దుగాల నీతోటి వస్త. నన్ను దవాఖాన కాడ దింపి నువ్వు టేషన్‌కు పో."

చాందీకి మనసొప్పలేదు. అయినా చేయగలిగింది ఏమీ లేదు. వాన తగ్గుతుందని అందరూ అనుకున్నట్టే ఆమె కూడా అనుకుంది.

తగ్గలేదు. ఆదివారం తెల్లారేసరికి వాగు తండాలోకి వచ్చింది. పొలం వైపు పోయిన దేవ్యా మోకాళ్ల లోతు నీళ్లలో అరుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. కింది వరస ఇళ్లలో అప్పటికే గిన్నెలు తేలుతున్నాయి. ఆడవాళ్లు బియ్యం మూటలు ఎత్తుకుంటున్నారు, మగవాళ్లు మేకల తాళ్లు విప్పుతున్నారు. ఎవరు ఎటు పోవాలో ఎవరికీ తెలియడం లేదు. చాందీ వీధి మధ్య నిలబడి, శిక్షణలో చేసినట్టే రెండు చేతులూ ఎత్తి అరిచింది.

"లీవ్ ఎవ్రీథింగ్! కమ్ దిస్ వే!"

ఒక్కరు కూడా తిరిగి చూడలేదు.

"ఏమంటున్నవ్ బిడ్డా? మన మాటల చెప్పు!" అన్నాడు దేవ్యా.

అప్పుడు గానీ ఆమెకు తాను ఏ భాషలో అరుస్తున్నదో తెలియలేదు. లంబాడీలో అరిచింది. అన్నీ వదిలేయండి, బడి మీదికి పదండి అని. తండాకు ఒక పక్కన గుట్టలాంటి ఎత్తు మీద ఉంది ప్రాథమిక పాఠశాల. కొందరు కదిలారు. కొందరు మూటలతోనే కదిలారు. చాందీ తల్లి ఇనుప పెట్టె నెత్తిన పెట్టుకుని వస్తుంటే, "ఇడ్వు యాడీ, పెట్టె ఇడ్వు!" అని బతిమాలింది చాందీ. తల్లి వదల్లేదు. విమానంలోనైతే గట్టిగా లాగి అవతల పడేయాలని నేర్పారు. ఇక్కడ ఆ పెట్టెను చాందీయే ఒక పక్క పట్టుకుని నడిచింది. దేవ్యా ప్రేమ్‌సింగ్‌ను వీపున మోసుకొచ్చాడు.

తండా అంతా బడి రెండు గదుల్లో, మిద్దె మీద సర్దుకుంది. మనుషులందరూ దక్కారు. కింది వరస ఇళ్ల మట్టి గోడలు ఒకటొకటిగా కూలుతుంటే మిద్దె మీది నుంచి చూస్తూ ఏడ్చారు.

మధ్యాహ్నం అక్షర ఫోన్ చేసింది. చాందీతో పాటే శిక్షణ తీసుకుంటున్న పిల్ల. వాళ్లది భూపాలపల్లి దిక్కు మొగుళ్లపల్లి. తండ్రి బట్టల దుకాణం పెట్టుకుని జనగామలో స్థిరపడ్డాడు.

"ఏడున్నవే? మానుకోట దిక్కు పట్టాల కింద కంకరంత కొట్టుకపోయిందట. రైళ్లన్ని ఆపిండ్రు. ఇయ్యాల్నే ఎట్లన్న రోడ్డెక్కి జనగామకు రా. పొద్దుగాల మా బాపు కారుల పోదాం."

"బడి మిద్దె మీదున్న అక్షరా. చుట్టూ నీళ్లే."

"ట్రైనింగ్ మేడమ్‌కు చెప్త. నువ్వు పరేషాన్ గాకు" అంది అక్షర.

చాందీ అప్పటికి పరీక్ష గురించి ఆలోచించడం లేదు. గోడకు ఆనుకుని కూర్చున్న మామ కాళ్లు చూస్తోంది. వేలితో నొక్కితే పడిన గుంట అట్లాగే ఉండిపోతోంది. అంబులెన్స్‌కు ఫోన్ చేసింది. వాగు అవతలి ఒడ్డు దాకా వస్తాం, దాటించి తీసుకురండి అన్నారు. ఒక అధికారి నంబరు దొరికింది. పడవ వస్తుంది, ఓపిక పట్టండి అన్నాడాయన. సాయంత్రం మళ్లీ చేస్తే అదే మాట. తర్వాత ఆయన ఫోన్ కలవలేదు.

ప్రేమ్‌సింగ్‌కు పడుకుంటే ఊపిరి ఆడడం లేదు. కూర్చునే కునికాడు. దాహం అంటున్నాడు. ఒంట్లో ఉన్న నీళ్లే బయటికి పోవడం లేదు గనక తాగడానికి ఇవ్వకూడదు. చాందీ కొంగు తడిపి పెదాలు తుడిచింది.

"ఇన్ని నీళ్లు కనవడుతున్నయి, నాకు గుక్కెడు గతిలేకపాయె" అని నవ్వబోయి దగ్గాడు.

సోమవారం మధ్యాహ్నం, శంషాబాద్‌లో పరీక్ష మొదలయ్యే వేళకు, హెలికాప్టర్ చప్పుడు వినిపించింది.

పిల్లలు ముందు విన్నారు. అందరూ మిద్దె మీదికి ఎగబడ్డారు. మబ్బుల కింద నుంచి అది వాగు వెంబడి వస్తోంది. ఒక్కసారిగా అందరి కళ్లూ చాందీ మీద పడ్డాయి.

"నువ్వు ఇమానంల పనిచేస్తవ్ గదా, జర చెప్పు వాళ్లకు! ఈడ దిగుమను!"

"మీ మామ సంగతి చెప్పు బిడ్డా! బీమారుంది, జల్ది తీస్కపోన్రి అని చెప్పు!"

ఎట్లా చెప్పాలి? విమానం లోపల తలుపు ఎట్లా తెరవాలో, మంట ఎట్లా ఆర్పాలో, భయపడ్డవాళ్లను ఎట్లా కూర్చోబెట్టాలో నేర్పారు ఆమెకు. కింద నిలబడి పైనున్న వాళ్లను ఎట్లా పిలవాలో ఎవరూ నేర్పలేదు. అయినా ఆ మాట ఎవరితో అంటుంది? తల్లి మీది ఎర్ర ఓణీ లాక్కుని రెండు చేతులతో ఊపింది. అందరినీ కూర్చోమని అరిచింది. గాలికి ఎగిరిపోతాయని ఆరేసిన బట్టలు తీయించింది. దేవ్యా, ఇంకో ఇద్దరు కలిసి ప్రేమ్‌సింగ్‌ను కుర్చీతో సహా పైకి మోసుకొచ్చారు. పై వాళ్లకు రోగి కనబడాలని.

హెలికాప్టర్ బాగా కిందికి వచ్చింది. దాని గాలికి ముసలివాళ్లు కళ్లు మూసుకున్నారు. తలుపు దగ్గర కూర్చున్న మనిషి మొహం కూడా చాందీకి కనిపించింది. ఆమె మామ వైపు చూపించింది. ఛాతీ మీద చేయి పెట్టి, ఊపిరి అందడం లేదని సైగ చేసింది. ఆ మనిషి చేయి ఊపాడు. బడిని ఆనుకుని కరెంటు తీగలు పోతున్నాయి, ముందర ఇంత కూడా ఖాళీ జాగా లేదు. హెలికాప్టర్ ఒక చుట్టు తిరిగింది. మళ్లీ వచ్చి కాసేపు గాల్లోనే నిలబడింది. తర్వాత ముక్కు ఎత్తి, వచ్చిన దారినే పోయింది.

చప్పుడు పోయేదాకా అందరూ అటే చూశారు.

"ఎందుకు దిగలే?" అని దేవ్యా అడిగాడు.

చాందీ చెప్పింది. "గో అరౌండ్ అంటరు బాపు. దిగనీకె వీలు గాకుంటే మళ్ల పైకి పోతరు. ఒక సుట్టు తిరిగి మళ్ల దిగుతరు."

"అయితే మళ్లొస్తరా?"

అందరూ ఆమె మొహంలోకే చూస్తున్నారు. కుర్చీలో నుంచి ప్రేమ్‌సింగ్ కూడా.

"వస్తరు" అంది చాందీ.

ఆమెకు తెలియదు. విమానాశ్రయంలోనైతే విమానం తిరిగి వస్తుంది, ఎందుకంటే దిగాల్సిన చోటు అదొక్కటే. ఈ హెలికాప్టర్ దిగాల్సిన తండాలు ఎన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు? కానీ ఆమె చెప్పిన మాట నమ్మి జనం మిద్దె మీదే కూర్చున్నారు. మామను కిందికి తీసుకుపోదామంటే, "ఉండనియ్, మళ్లొస్తరట గదా" అన్నాడు దేవ్యా. సన్నగా తుంపర పడుతుంటే తల్లి తన అన్న నెత్తి మీద ప్లాస్టిక్ సంచి పట్టుకుని నిలబడింది. ఎక్కడో ట్రాక్టర్ చప్పుడైనా పిల్లలు లేచి ఆకాశం వైపు చూశారు. చీకటి పడుతుండగా ఇక తానే చెప్పింది చాందీ, కిందికి తీస్కపోదాం బాపు అని. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. అంటే బాగుండు అనిపించింది.

ఆ రాత్రి ప్రేమ్‌సింగ్ చాలాసేపటికి కళ్లు తెరిచి, "నీ పరీక్ష?" అని అడిగాడు.

"కంపెనోళ్లు వాయిదా ఏసిండ్రు మామా" అని అబద్ధం చెప్పింది. అది ఆ రోజు చెప్పిన రెండో అబద్ధం.

మంగళవారం వాగు కొంత తగ్గింది. దామోదర్ అనే జేసీబీ డ్రైవర్ పక్క ఊరి నుంచి బండి నడుపుకుంటూ, మిగిలిన నీళ్లలోనే దిగి తండాకు వచ్చాడు. ఎవరూ పంపలేదు, మిద్దె మీంచి ఎవరో తీసి పంపిన వీడియో ఫోన్లో చూసి తానే వచ్చానన్నాడు. ముందరి తొట్టిలో గడ్డి పరిచి ప్రేమ్‌సింగ్‌ను కూర్చోబెట్టారు. చాందీ వెనక నుంచి పట్టుకుంది, దేవ్యా పక్కన ఉన్నాడు. నీళ్ల మధ్యలో ప్రేమ్‌సింగ్ కళ్లు తెరిచి చూశాడు.

"హెలికాప్టరా?"

"కాదు మామా, జేసీబీ."

"పోనీ తియ్. గిదన్న వచ్చింది" అన్నాడు.

అవతలి ఒడ్డున అంబులెన్స్ ఆగి ఉంది. ఎక్కించగానే ఆక్సిజన్ పెట్టారు. మానుకోట ఇంకా దూరం ఉండగానే ఆయన గుండె ఆగింది. అంబులెన్స్ మనిషి కంటే ముందు చాందీయే మోకాళ్ల మీద లేచి రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది. మోచేతులు వంచకుండా, లెక్కపెట్టుకుంటూ, బొమ్మ మీద నేర్చుకున్నట్టే. బొమ్మ మీద చేసినప్పుడు మేడమ్ మెచ్చుకుంది. అలిసిపోతే అంబులెన్స్ మనిషి నొక్కాడు, మళ్లీ ఆమె నొక్కింది. దవాఖాన గేటు దాటినా ఆపలేదు. డాక్టరు వచ్చి చూసి, ఆమె మణికట్టు పట్టుకుని మెల్లగా పక్కకు తీశాడు.

"నువ్వు సరిగ్గనే చేసినవమ్మా" అన్నాడు.

సరిగ్గా చేస్తే ఎందుకు లేవలేదు అని అడగాలనిపించింది. దేవ్యా ప్రేమ్‌సింగ్ పాదాల దగ్గర గోడకు తల ఆనించి నిలబడ్డాడు.

దినాలు అయ్యాక కంపెనీకి ఫోన్ చేసింది. ఫోన్ ఎత్తినామె మర్యాదగానే మాట్లాడింది. వరద సంగతి తమకు తెలుసనీ, కానీ పరీక్షకు రాలేకపోయినవాళ్లకు మళ్లీ పెట్టాలంటే ఇంట్లో దగ్గరి మనిషి మరణించినట్టు ఉండాలనీ చెప్పింది.

"మా మామ సచ్చిపోయిండు మేడమ్."

"మేనమామ ఇమీడియెట్ ఫ్యామిలీ కిందికి రాడమ్మా. తల్లి, తండ్రి, తోబుట్టువులు, భర్త, పిల్లలు. అంతే."

"మా ఇంట్ల మామనే పెద్ద మేడమ్. నన్ను గీ నౌకరికి పంపింది ఆయననే."

"నాకు అర్థమవుతోంది చాందీ. కానీ నా చేతుల్లో లేదు. తర్వాతి బ్యాచ్ మొదలైతే మేమే ఫోన్ చేస్తాం" అందామె. ఎప్పుడు మొదలవుతుందంటే చెప్పలేనంది.

వరదకు వాళ్ల ఇల్లూ పడిపోయింది. ఊరికే కూర్చునే వీల్లేదు. అక్షర తండ్రి తన దుకాణంలో పని ఇస్తానంటే చాందీ జనగామకు వచ్చింది. ఇప్పుడు పొద్దంతా చీరలు విప్పి చూపించి, మళ్లీ మడత పెడుతుంది. అక్షరకు ఉద్యోగం వచ్చింది. ఇంటికి వచ్చినప్పుడు యూనిఫాం గదిలోనే విప్పి, మామూలు బట్టల్లోనే దుకాణానికి వస్తుంది. ఇద్దరూ విమానాల మాట ఎత్తరు.

తల్లి ఆదివారాలు ఫోన్ చేస్తుంది. కంపెనీ వాళ్లు ఏమన్నా చెప్పిండ్రా అని అడుగుతుంది. ఏం చెప్పలే యాడీ అంటుంది చాందీ. తర్వాత తల్లి కొత్త గోడ ఎంతవరకు లేచిందో, ఏ పక్కన తలుపు పెడుతున్నారో చెప్తుంది. చాందీ కౌంటర్ వెనక నిలబడి అంతా వింటుంది.