నాలుగడుగుల లోతు

తార శవం మధ్యాహ్నం పన్నెండింటికి బీడీ కాలనీ చేరింది. అంబులెన్సు సందులోకి పట్టలేదు. సందు మొదట్లో పొంగుతున్న మోరీ, మోరీ పక్కన కొత్త శిలాఫలకం. 'నూతన మంచినీటి పైపులైను' అని దాని మీద బంగారు రంగు అక్షరాలు. ఆ ఫలకాన్ని ఒరుసుకుంటూ నలుగురు ఆడవాళ్లు తారను చాపలో మోసుకొచ్చారు. ఇరవై మూడేళ్ల పిల్ల. కడుపులో ఐదో నెల. ఎండాకాలం మొదలైనప్పటి నుంచి ఆ కాలనీలో కామెర్లతో పోయిన మూడో మనిషి.

భర్త నారాయణ మస్కట్‌లో ఉన్నాడు. సెలవు దొరకలేదు. తార అత్త మంగవ్వ వీడియో కాల్ పెట్టి ఫోను శవం ముఖం మీదికి వంచింది.

"చూసుకో కొడకా. మంచిగ చూసుకో. మల్ల కనవడది."

ఫోనులోంచి వచ్చిన ఏడుపుకు సందంతా గొల్లుమంది. గంగాబాయి మాత్రం గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ముందుకు పోయి తార కాళ్లు పట్టుకుని ఏడ్వాలని ఉంది. కానీ పోలేదు. ఆమె కడుపులో ఒక మాట ఉంది. అది బయటపడితే ఈ ఆడవాళ్లే తనను మట్టి మీద పొర్లించి తంతారని ఆమె భయం.

అప్పుడే కౌన్సిలర్ రఘునందన్ వచ్చాడు. పసుపు యార్డులో కమీషన్ దుకాణం ఆయనది. వెంట నలుగురు మనుషులు, చేతిలో దండ. శవం మీద దండ వేసి, ఫోటో తీసేదాకా తల వంచుకుని నిలబడ్డాడు.

"పసరు మందు తాగిపిచ్చిండ్రంట గదా మంగవ్వా? ముందుగాల్నే దవాఖానకు తీస్కపోతే గిట్లయితుండెనా? మీకెన్ని సార్లు చెప్పాలె?"

కోడలి చావు మంగవ్వ తల మీదే పడింది. అంతలో శోభారాణి ఇంట్లోంచి స్టీలు గిలాసతో వచ్చింది. ముప్పయ్యేళ్లుగా బీడీలు చుట్టిన మనిషి, మాటకు మొహమాటం లేదు.

"సారూ, ఎండల వడొచ్చిండ్రు. మీ కొత్త పైపు నీళ్లే. ఇప్పుడే వట్టిన, తాగుండ్రి."

గిలాసలో నీళ్లు మోరీ వాసన కొడుతున్నాయి. రఘునందన్ గిలాస వంక చూశాడు, గడియారం వంక చూశాడు.

"శవం ముందట రాజకీయమా? సిగ్గుండాలె" అని వెనక్కి తిరిగాడు. పోతూ పోతూ గంగాబాయి దగ్గర ఆగి, "మంచిగున్నవా అక్కా? బిడ్డ పైలం" అన్నాడు.

బిడ్డ జాగ్రత్త అన్న ఆ ఒక్క మాటకు ఆమె గోడకు మరింత ఒదిగింది.

గంగాబాయికి భయపడడం కొత్త కాదు. బిడ్డ మేఘన కాలేజీ నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే హైవే మీద లారీ కింద పడిందనే అనుకుంటుంది. ఫోను మోగితే చావు కబురనుకుని ఎత్తుతుంది. భర్త పోయిన ఆరేళ్లలో ఆమెకు మిగిలింది ఆ ఒక్క పిల్ల, ఒక చాట, బీడీ కత్తెర. ఆ భయమే రఘునందన్‌కు దొరికింది.

ఎన్నికల ముందు రోజు ఆయన భార్య పళ్లెంలో కొత్త పసుపు పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. ఇంటి ఆడమనిషి ఒక చెయ్యి పసుపులో, ఒక చెయ్యి ఇంట్లో పిల్ల తల మీద పెట్టాలి. 'సారుకే ఓటు, ఎన్నడూ ఎదురు తిరగం' అని ఒట్టు. పసుపు ముట్టి చేసిన ఒట్టు తప్పితే ఆ తల నిలవదని కాలనీలో అందరికీ నమ్మకం. గంగాబాయి ఇంటికి మేఘన కాలేజీకి పోయిన పూట చూసి వచ్చారు. పిల్ల లేదు కదా అంటే, పిల్ల ఫోటో మీద పెట్టించారు.

పోయిన వానాకాలంలో రెండో ముడి పడింది. కాలనీకి తునికాకు, తంబాకు ఇచ్చి బీడీలు తీసుకునే టేకేదారు జితేందర్, రఘునందన్ బామ్మర్ది. కార్ఖానాలో కట్టలు అప్పజెప్పే వరుసలో గంగాబాయి వంతు వచ్చేసరికి ఒక కాగితం ముందుకు తోశాడు.

"సంతకం వెట్టు. నల్లా మంచిగొస్తున్నదని."

గంగాబాయి ఐదో తరగతి దాకా చదివింది. కూడబలుక్కుని చదివింది. "కొత్త పైపు ఇంక ఎయ్యనే లేదు గదన్నా?"

"ఏస్తరు. ముందు కాగితం పోవాలె. పసుపు ముట్టినవ్, యాదున్నదా? రేపు నీకు ఆకు గావాల్నా వద్దా?"

ఆమె సంతకం పెట్టింది. ఆకు తెచ్చుకుంది. ఎవరికీ చెప్పలేదు.

తార మూడోనాడు అయిపోయాక మంగవ్వ వాకిట్లో ఆడవాళ్లు కూర్చున్నారు. ఒళ్లో చాటలు, చేతుల్లో ఆకులు. ఆ కాలనీలో మీటింగైనా చావైనా చేతులు ఆగవు, ఆగితే పొయ్యి ఆగుతుంది. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న మేఘన సమాచార హక్కు కింద నెల కిందటే అడిగి తెచ్చిన కాగితాలు విప్పింది.

"ఇనుండ్రి. మన సందుల ఆరొందల మీటర్ల కొత్త పైపు ఏసిండ్రంట. నాలుగడుగుల లోతున. పని పూర్తి. వార్డు మహిళలు సంతృప్తి వ్యక్తం చేసిండ్రంట."

"గీ సందులనా?" వినోద పకపకా నవ్వింది. "ఎన్నడు ఏసిండ్రే? మేం నిద్రవోతుంటే ఏసిండ్రా?"

"గా సంతృప్తి పడ్డ మహాతల్లులెవరో జర పేర్లు చదువు బిడ్డా" అంది సీతాబాయి. "చెప్పుతోని కొడ్త ఒక్కొక్కదాన్ని."

మేఘన పేజీ తిప్పింది. నోరు తెరిచి ఆగిపోయింది.

"చదువు" అంది శోభారాణి.

"గంగాబాయి."

బీడీ చుట్టే చేతులన్నీ ఒక్కసారిగా ఆగాయి. తల్లి వైపు చూడకుండానే మేఘన గొంతు పెంచి చదువుకుంటూ పోయింది. "వినోద. సీతాబాయి." సీతాబాయి చేతిలో కత్తెర జారింది. మరో పేరు, మరో పేరు. మొత్తం పన్నెండు. అందరూ ఆ వాకిట్లోనే ఉన్నారు. చివరన ఒక వేలిముద్ర. మంగవ్వది.

మంగవ్వ చాట పక్కన పెట్టింది. తన రెండు చేతుల వంక చూసుకుంది.

"పసుపుల చెయ్యి వెట్టినాడు, ఇంకో చెయ్యి తార తల మీదనే వెట్టిన" అంది. "ఒట్టు తప్పితే కోడలు పోతదని వేలు ముద్రేసిన. తప్పలే. ఎన్నడూ తప్పలే. అయినా పోయింది."

ఒకరి ముఖం ఒకరు చూడలేక పన్నెండు మంది తలలు దించుకున్నారు. అప్పటిదాకా ప్రతి ఒక్కతీ సంతకం పెట్టింది తానొక్కతే అనుకుంది. శోభారాణి అడిగింది:

"నీతోని యాడ వెట్టిపిచ్చిండే వినోదా?"

"కార్ఖానల. నా కట్టలు తక్కువొచ్చిన దినం."

"నీతోని, సీతాబాయీ?"

"ఇంటికొచ్చి. నేనొక్కదాన్నే ఉన్న."

"సూసిండ్రా? అందర్నీ ఒక్కపారి పిలిస్తే ఒక్కతన్న గిదేందని అడుగుతుండె. ఒక్కొక్కదాన్నే పిలిచిండు. నా కాడికి రాలే. ఇప్పుడు ఒకల జుట్టు ఒకలు వట్టుకోకుండ్రి. గదే గావాలె వానికి."

సోమవారం పన్నెండు మందీ శోభారాణిని వెంటబెట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు పోయారు. తప్పు సంతకాలు పెట్టామని, పైపు లేదని రాసిచ్చారు. ఇంజనీరు ఫైలు తెరిచి చూపించాడు. ఫైలులో పైపు ఉంది. ఫైలులో దాని ఫోటో కూడా ఉంది, ఏ ఊరి పైపో.

"కాగితం ప్రకారం పైపు ఉన్నదమ్మా. సాక్షులు మీరే. అబద్ధం సాక్ష్యం చెప్పినమంటే కేసు మీ మీదనే అయితది. ఆలోచించుకోండ్రి."

మెట్ల మీద కూలబడ్డారు. అటు నుంచి జితేందర్ ఫోను: రేపటి నుంచి పన్నెండు ఇండ్లకు ఆకు బంద్. సీతాబాయి తల కొట్టుకుంది. "నీళ్లూ లేకపాయె, ఆకూ లేకపాయె. ఇగ జైలొక్కటే బాకీ."

గంగాబాయి తనలో తాను గొణుక్కున్నట్టు అంది: "గా పైపు నిజంగ భూమిల ఉన్నదంటే, తవ్వితే కనవడాలె గదా..."

అని, వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

శోభారాణి గిర్రున తిరిగింది. "ఏమన్నవ్?"

"ఏమనలే అక్కా. నేనేమనలే."

"అన్నవ్! మల్లొక్కసారి అను!"

తార పోయాక ఆ ఆడవాళ్లు అందరూ కలిసి మొదటిసారి నవ్వారు. గంగాబాయికి మాత్రం ఆ నవ్వు వింటుంటే ఏడుపొచ్చింది. తన నోటి మాట, రేపు ఎవరి పీకల మీదికి వస్తుందో.

తెల్లారి అందరూ తవ్వడానికి పోతుంటే ఆమె పోనని మొండికేసింది. మేఘన పోతానంటే తలుపుకు అడ్డం నిలబడింది.

"నీ తల మీద ఒట్టేసిన బిడ్డా. నాకు నువ్వొక్కదానివే. నువ్వు వోతే నేనేం జెయ్యాలె?"

"జరుగమ్మా" అంది మేఘన. గొంతులో సత్తువ లేదు. పొద్దటి నుంచి చాయ్ కూడా తాగలేదు, వికారంగా ఉందంది. తలుపు సందు వెలుతురులో గంగాబాయి బిడ్డ ముఖాన్ని పట్టుకుని రెప్ప పైకెత్తింది.

కన్ను పచ్చగా ఉంది.

ఇన్నేళ్లుగా ఆమె భయపడ్డవన్నీ లారీల రూపంలో, పాముల రూపంలో, పోలీసుల రూపంలో వస్తాయనుకుంది. ఇది ఇంట్లో బిందెలోంచి వచ్చింది. ప్రతి పూటా తన చేత్తోనే ముంచి ఇచ్చింది. ఒట్టు నిలబెట్టుకుంటూ, నోరు మూసుకుంటూ, తన చేత్తోనే తాగించింది.

"పా, దవాఖానకు పోదాం" అంది.

"పోదాం. ఫస్టు గా తవ్వుడు చూసి పోదాం."

మేఘన సందులోకి నడిచింది. గంగాబాయి వెనకాల పరుగెత్తింది.

శిలాఫలకం పక్కనే ఆడవాళ్లు తవ్వుతున్నారు. మొరం గట్టిగా ఉంది. గడ్డపార పడినచోటల్లా నిప్పులు లేస్తున్నాయి. మోకాలి లోతు, తొడ లోతు. మట్టి తప్ప ఏమీ రాలేదు. కాలనీ కాలనీయే గుమిగూడింది, పసుపు యార్డు హమాలీలు బస్తాలు వదిలి వచ్చారు. ఇంతలో ఒక జీపు, దాని వెనక వ్యాన్. రఘునందన్, జితేందర్, ఎస్సై దిగారు.

"ఆపుండ్రి! ప్రభుత్వ రోడ్డు తవ్వుతరా? ఎవల పర్మిషన్?" ఎస్సై అరిచాడు.

"పైపు వెతుకుతున్నం సారూ. తప్పిపోయింది" అంది వినోద.

గుంపు గొల్లున నవ్వింది. రఘునందన్ ముఖం మాడింది. అందరినీ వదిలి తిన్నగా గంగాబాయి దగ్గరికే వచ్చాడు. ఎవరు మెత్తనో ఆయనకు తెలుసు.

"గంగాబాయక్కా. బిడ్డ తల మీద ఒట్టేసినవ్. పసుపు ముట్టినవ్. ఇంటికి వో."

ఆమెకు ఆయన కాళ్ల మీద పడి బిడ్డను కాపాడమని అడగాలన్నంత భయం వేసింది. పడలేదు. మేఘన రెక్క పట్టి ఆయన ముందుకు లాగింది. రెప్ప పైకెత్తింది.

"చూడు. ఒట్టు తప్పితే పోతదంటివి. నేను తప్పలే. నీ కాగితం మీద సంతకం వెట్టిన, నోర్మూసుకున్న. చూడు, నా బిడ్డ కండ్లు చూడు. ఇగ దేని మీద ఒట్టేపిస్తవ్ నాతోని?"

వినోద చేతిలోని గడ్డపార లాక్కుని ఆమె గుంటలోకి దిగింది. ఎన్నడూ గడ్డపార పట్టని చేతులు. పది దెబ్బలకే అరచేతులు చిట్లాయి. తక్కిన ఆడవాళ్లు మట్టి ఎత్తిపోస్తూ, గుంట చుట్టూ నిలబడి ఎస్సైని దగ్గరికి రానివ్వలేదు. చివరికి ఆమె నిటారుగా నిలబడింది. మట్టి ఆమె ఛాతీ దాకా వచ్చింది.

"నాలుగడుగులు" అంది శోభారాణి. "ఏది సారూ పైపు?"

రఘునందన్ చుట్టూ చూశాడు. "జర అవతలికి ఉండొచ్చు."

ఆ మాటకు ఎస్సై ముఖం కూడా వెలవెలబోయింది. అయినా ఆయన చెయ్యి ఊపాడు. కానిస్టేబుళ్లు గుంటలోంచి గంగాబాయిని రెక్కలు పట్టి పైకి లాగారు. సరిగ్గా అప్పుడే మేఘన వంగి కక్కుకుంది, శిలాఫలకం పట్టుకోబోయి పక్కకు ఒరిగిపోయింది.

"బిడ్డా!"

ఎస్సై అడ్డం వచ్చాడు. గొంతు తగ్గించి, మంచిగా చెప్పినట్టే చెప్పాడు: "ఆమెతోని దవాఖానకు వోతవా? పో. పొరపాటున తవ్వినం, సంతకం మా ఇష్టంతోనే వెట్టినం అని ఒక్క ముక్క చెప్పు. వీడియో తీస్కుంట. నిమిషం పని."

జితేందర్ అప్పటికే ఫోను పట్టుకుని నిలబడ్డాడు. గంగాబాయి బిడ్డ వంక చూసింది. శోభారాణి, ఒక హమాలీ మేఘనను ఆటోలో పడుకోబెడుతున్నారు. నిమిషం పని. తల్లికి అంతకన్నా ఏం కావాలి? ఆమె నోరు తెరిచింది. ఇలాంటి సంతకాలకే, ఇలాంటి ఫోటోలకే కదా తార పోయింది. ఈ పిల్ల బతికి వచ్చినా మళ్లీ తాగాల్సింది ఆ బిందెలోని నీళ్లే.

"పైపు లేదు" అంది ఫోనులోకి చూసి. "మట్టే ఉన్నది. తీస్కో వీడియో."

ఆటో ఒక వైపు పోయింది. వ్యాన్‌లోకి ఆమెను, సీతాబాయిని, వినోదను, మంగవ్వను ఎక్కించారు. గంగాబాయి కిటికీ జాలీకి ముఖం ఆనించి, కనబడినంత దూరం ఆటోనే చూసింది. బిడ్డను మళ్లీ చూస్తానో లేదో ఆమెకు తెలియదు. గుండె పగిలేలా ఏడ్చింది. మంగవ్వ ఆమె తలను తన ఒళ్లోకి తీసుకుంది.

వ్యాన్ కదలలేదు. డ్రైవరు హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఎస్సై తిడుతూ దిగాడు. గంగాబాయి తలెత్తి చూసింది.

వ్యాన్ ముందు, పదడుగుల అవతల, ఆమెకు పేర్లు కూడా తెలియని పక్క సందు ఆడవాళ్లు కొంగులు బిగించుకుని నిలబడ్డారు. వాళ్లు ఏ కాగితం మీదా సంతకాలు పెట్టలేదు. హమాలీలు పారలు అందిస్తున్నారు. ఒక ముసలమ్మ రఘునందన్ వైపు తిరిగి గట్టిగా అడిగింది:

"సారూ, జర అవతల అంటిరి గదా. గీడనా?"

జవాబు కోసం ఆగకుండా గడ్డపార ఎత్తింది.