తెల్లవారుజాము లెక్క

మేకు గోడలోకి దిగలేదు. దావీదురాజు మూడోసారి సుత్తితో కొట్టేసరికి సున్నం పెచ్చు ఊడి నెత్తిన పడింది. ఇక లాభం లేదని ప్లాను కాగితాన్ని బీరువా తలుపులకే గమ్ టేపుతో అంటించాడు. మే నెల ఎండ. పదకొండు గంటలకే రేకుల హాలు పొయ్యి మీద పెనంలా కాలుతోంది. పొద్దున ఆరింటి నుంచి కుర్చీలు మోసి, మంచినీళ్ల డ్రమ్ము నింపి, మైకు సర్దేసరికి అతని చొక్కా వీపుకు అంటుకుపోయింది. పేరుకు అతను టౌన్ ప్లానింగ్ సెక్షనులో కాంట్రాక్టు మీద ప్లాన్లు గీసే ట్రేసరు. జీతం రెండు వేల ఎనిమిది వందలు. చేసేది మాత్రం ఎవరేది చెబితే అది. వచ్చే నెల కాంట్రాక్టు పొడిగించాలి. పొడిగించే సంతకం సెక్షను ఆఫీసరు శ్రీనివాసులు సారు చేతిలో ఉంది.

ఆ రోజు కల్లూరు రోడ్ల కొత్త ప్లాను మీద జనం అభ్యంతరాలు వింటారు. కల్లూరు నగరంలో కలిసి ఏళ్లు గడిచాయి. ఇళ్లు పెరిగాయి, మిల్లులు పెరిగాయి, షేర్ ఆటోలు పెరిగాయి. రోడ్డు మాత్రం పెరగలేదు. పాత ప్లానులో మెయిన్ రోడ్డుకు రెండు పక్కలా నడిచేవాళ్లకు ఆరడుగులు, సైకిళ్లకు ఐదడుగులు వదిలారు. వదిలింది కాగితం మీదే అనుకోండి, కనీసం కాగితం మీదైనా ఉండేది. కొత్త ప్లానులో ఆ పదకొండు అడుగుల్లో 'దుకాణాల పార్కింగు' అని ఉంది. ఆ అక్షరాలు రాసింది దావీదురాజే. అతని దస్తూరి ముత్యాల్లా ఉంటుందని ఆఫీసులో పేరు.

ముందు వరుసల్లో దుకాణదారులు కూర్చున్నారు. సిమెంటు, ఇనుము అమ్మే వాసుదేవ్ శెట్టి అందరికీ చల్లటి మజ్జిగ తెప్పించాడు. సభ మొదలవుతుందనగా వెనక తలుపు దగ్గర సందడయింది. వేరుశనగ మిల్లు ఆడవాళ్లు ఇరవై మంది దాకా లోపలికొచ్చి గోడ వారన నిలబడ్డారు. జుట్టులో, చీర మడతల్లో వేరుశనగ పొట్టు. అరవై రూపాయల కూలిలో సగం వదులుకుని వచ్చారు. వాళ్లందరికీ ముందు విశ్వాసమ్మ ఉంది. దావీదురాజు తల్లి.

ఆమె కొడుకును చూసి మొహమంతా నవ్వింది. పక్కనున్న ప్రసన్నకుమారిని మోచేత్తో పొడిచి చూపించింది కూడా. దావీదురాజు అటు తిరిగి, ఎప్పుడో అంటుకున్న టేపునే మళ్లీ అదమసాగాడు. తన తల్లి బడిలో పని చేస్తుందని ఆఫీసులో చెప్పుకున్నాడు. ఆ సిగ్గుమాలిన అబద్ధానికి నేటికి ఏడాది.

వాసుదేవ్ శెట్టి లేచాడు. "సారూ, మా అంగళ్ల ముందర బండి నిలబెట్టను జాగా ల్యాక బేరాలు పోతాండాయి. పార్కింగు ఇస్తాండారు, శానా సంతోషం. నడిచేటోళ్లు యాడుండారు సారూ ఈ కాలంలో? అందరికీ ఆటోలు ఉండాయి గదా."

వెనక నుంచి విశ్వాసమ్మ గొంతు వినబడింది. "మేముండాము సారూ. పొద్దు మొలవకముందే ఆ రోడ్డెమ్మటే పోతాండాము. ఆటోకు అటు మూడు, ఇటు మూడు ఇచ్చుకుంటే మాకు మిగిలేదేంది? లారీ వస్తే కాలవలేకి దుంకాల. ఆర్నెల్ల కింద ఈ ప్రసన్నకుమారి కాలు ఇరిగె. మాకు నడిచే దోవ గీసినారంట గదా, దాన్ని తీసేయొద్దు సారూ."

శ్రీనివాసులు చెడ్డవాడేమీ కాదు. విసుక్కోకుండానే ఫైలు తిప్పాడు. "అమ్మా, మేము ఊరికే తీయలేదు. ఒక దినమంతా కల్లూరు సర్కిల్లో మనుషుల్ని పెట్టి లెక్క రాయించినాము. తెల్లారుజాము ఐదు నుంచి ఏడు దాకా నడిచిపోయినోళ్లు పదకొండు మంది. సైకిళ్లు తొమ్మిది. పదకొండు మంది కోసం అంత జాగా వదిలేదెట్లా, నువ్వే చెప్పు."

దావీదురాజు టేపు అదమడం ఆపేశాడు.

లెక్క కాగితంలో గళ్లుంటాయి. లారీ, బస్సు, ఆటో, స్కూటరు, సైకిలు, నడిచేవాళ్లు. ఒక్కొక్కరికి ఒక్కో నిలువు గీత, ఐదోది అడ్డగీత. ఏడు దాటాక అందరూ బుద్ధిగానే గీస్తారు. ఏడుకు ముందర ఎవరూ పోరు, ఇంట్లో కూర్చుని అందాజుగా నింపేస్తారు. సెక్షనులో అది ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. దాన్ని తప్పనుకున్నవాడు లేడు. ఆ సర్కిల్లో ఆ రెండు గంటలు దావీదురాజువి. మంచం మీద బోర్లా పడుకుని, నిద్రకళ్లతో పదకొండు గీతలు గీశాడు. ఆ పొద్దు అతని తలాపున టీ గ్లాసు పెట్టి, దాని మీద మూత పెట్టి, "లెయ్ నాయనా, డ్యూటీ ఉండాదంటివే" అని రెండుసార్లు పిలిచి, చీకట్లో చెప్పులేసుకుని మిల్లుకు నడిచిపోయింది తల్లి.

"పదకొండు మందా?" విశ్వాసమ్మకు కోపం రాలేదు, ఆశ్చర్యపోయింది. "మా మిల్లోళ్లమే నూరు మందికి మీద ఉండామే! రాసినోడెవరు సారూ? ఆయప్ప ఆ పొద్దు ఆడికి వచ్చినాడా, రాలేదా? మా పిల్లోడు ఈ ఆఫీసులోనే ఉండాడు. వాన్ని అడగండి, వానికి తెలుసు మేమెంత మందిమో."

శ్రీనివాసులు ఫైలులోని సంతకం చూశాడు. తల ఎత్తి దావీదురాజు వైపు చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, తోవ చూపే దయ ఉంది. "రాజూ, ఈ లెక్క సరైందేనని చెప్పి, ఈ పేజీ మీద ఇంకో సంతకం పెట్టు. అయిపోతుంది."

అతను పెన్ను ముందుకు జరిపాడు. దావీదురాజు దాన్ని తీసుకున్నాడు కూడా. వెనకనున్న తల్లి నవ్వు ఇంకా పూర్తిగా ఆరిపోలేదు. కొడుకు తన పక్షాన మాట్లాడబోతున్నాడని ఆమె నమ్మకం.

"పెట్టను సార్," అన్నాడు. "నేను ఆ పొద్దు సర్కిల్ కాడికి పోలేదు. ఇంట్లో పండుకోని రాసినా."

శ్రీనివాసులు ఫైలు మూసి, ప్లాను సంగతి ఆఫీసులో చూస్తామని, సభ అయిపోయిందని చెప్పాడు. దావీదురాజు దగ్గరికి వచ్చి, రేపటి నుంచి రావద్దని నెమ్మదిగా, ఒకే మాటలో తేల్చేశాడు.

హాలు ఖాళీ అయింది. విశ్వాసమ్మ మాత్రం కొడుకు దగ్గరికొచ్చి నిలబడింది. ఇప్పుడామెను అమ్మా అని గట్టిగా పిలవాలనుకున్నాడు. తల ఎత్తలేకపోయాడు.

"ఆ పదకొండు మందిలో నేనుండానా?" అని అడిగిందామె.

కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది.

మర్నాడు టీ గ్లాసు లేదు, పిలుపూ లేదు. అయినా నాలుగున్నరకే లేచి దావీదురాజు సర్కిల్లో మూసిన కొట్టు అరుగెక్కి కూర్చున్నాడు. ఒళ్లో పాత నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం. ఇది ఎవరికి ఇవ్వాలో, ఎవరు తీసుకుంటారో అతనికి తెలియదు.

ముందుగా ఆమే వచ్చింది. చేతిలో సద్ది టిఫిను. వెనక లారీ హారన్ కొడితే పక్కకు, కాలవ గట్టు మీదికి ఎక్కింది. లారీ పోయాక దిగి, చెప్పులో ఇరుక్కున్న రాయి దులుపుకుని, అరుగు ముందు నుంచే నడిచింది. కొడుకును చూసింది. ఆగలేదు.

అతను ఒక నిలువు గీత గీశాడు.

ఆ వెనక ప్రసన్నకుమారి కుంటుతూ వచ్చింది. ఆ వెనక గుంపులు గుంపులుగా ఆడవాళ్లు, క్యారియర్లు తగిలించుకున్న సైకిళ్లు. తూర్పు తెల్లబడకముందే కాగితం నిండిపోయింది. జనం ఇంకా వస్తూనే ఉన్నారు. దావీదురాజు కాగితం తిప్పి వెనకవైపు మొదలుపెట్టాడు.