గోనెపట్టా కింది జాకీ

అన్నయ్య పని పోవడానికి కారణం నేనే. ఈ సంగతి వదినకు ఇంకా తెలియదు. అన్నయ్యకు తెలుసు, కానీ ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

మా షెడ్డుకు కొండల్లో, గుట్టల్లో తిరిగే జీపులు వస్తాయి. ఉన్న చక్రాలు పీకించి నడుమెత్తు టైర్లు వేయించుకోవడం ఆ జీపులవాళ్లకు ఒక పిచ్చి. నాలుగు చక్రాలూ ఒక ఎత్తు, వెనక తలుపుకు తగిలించే స్టెప్నీ ఒక్కటీ ఒక ఎత్తు. మామూలు తలుపు ఆ బరువుకు వాలిపోతుంది కాబట్టి నేను ఇనప బ్రాకెట్ వెల్డింగ్ చేస్తాను. దాని మీదికి స్టెప్నీ ఎక్కించడం అన్నయ్య పని. ఇద్దరు పట్టుకుంటే ఒకరికొకరు అడ్డం, తలుపేమో ఊగుతుంది. అన్నయ్య పొట్టిపీట మీద కూర్చుని, టైరును తొడల మీదికి దొర్లించుకుని, ఒక్క ఊపున లేచేవాడు. పై బోల్టు రంధ్రంలోకి దూరి టక్కుమన్నాకే ఊపిరి వదిలేవాడు. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస.

పోయిన చలికాలం అన్నయ్య కుడి భుజం పట్టేసింది. ఇలాగే ఎత్తుతూ పోతే చెయ్యి ఇక పైకి లేవదని డాక్టర్ చెప్పాడు. ఆ మాట షెడ్డులో ఎవరికీ తెలియనివ్వలేదు. "స్టెప్నీ ఎత్తలేని రోజున నీతో నాకేం పనయ్యా" అని యజమాని అప్పుడప్పుడూ సరదాకి అనేవాడు. ఆ సరదాలో నిజం ఎంతో మాకు తెలుసు.

ఒకరోజు వదిన నన్ను వంటింటి గుమ్మం దగ్గర ఆపింది. "చొక్కా కూడా నేనే తొడుగుతున్నాను నాయనా. ఇనుముతో ఏవేవో చేస్తావు కదా, మీ అన్నయ్యకి ఏదైనా చెయ్యి."

చేశాను. పాత జాకీ, తుక్కులో దొరికిన గొట్టాలు, కింద నాలుగు చిన్న చక్రాలు. టైరును దాని మీదికి దొర్లించి కాలితో తొక్కితే చాలు, బ్రాకెట్ ఎత్తుకు నిలువుగా లేస్తుంది. అన్నయ్య మొదట మొహం తిప్పుకున్నాడు.

"ఊతకర్ర చేసి తెచ్చావట్రా నాకు?"

యజమాని భోజనానికి వెళ్లాక మాత్రం తనే వచ్చి తొక్కి చూశాడు. బోల్టు టక్కుమంది. నా వైపు చూసి నవ్వాడు. భుజం పట్టేశాక నేను చూసిన మొదటి నవ్వు అదే.

ఆ రోజునుంచి స్టెప్నీలన్నీ యజమాని భోజనవేళకే ఎక్కేవి. మిగతా సమయమంతా జాకీ మూలన గోనెపట్టా కింద ఉండేది. నాలుగు నెలలు గుట్టుగా గడిచిపోయాయి. వదిన నేను కనబడినప్పుడల్లా చల్లగా ఉండమని దీవించేది.

నా నోరు ఊరుకుంటేగా. మొన్న ఒక జీపాయన నా బ్రాకెట్‌ను వేలితో తడిమి, "అతుకు ఎక్కడుందో తెలియడంలేదే!" అన్నాడు. అంతే, నేను మునగచెట్టు ఎక్కేశాను. "ఇదేం చూశారు, ఇటు రండి" అని గోనెపట్టా లాగేశాను. యజమాని వెనకే ఉన్నాడని నాకు తెలుసు. ఆయన కూడా చూడాలనే నా కోరిక. ఇన్నాళ్లూ ఎవరూ మెచ్చుకోలేదన్న కడుపుమంట నాది.

యజమాని తనే తొక్కుతానన్నాడు. బొజ్జ అడ్డమొస్తున్నా, చెప్పులకాలితోనే తొక్కాడు. టైరు లేచింది గానీ తలుపు ఊగి రంధ్రం తప్పింది. అన్నయ్య చూస్తూ ఊరుకోలేకపోయాడు. "పై బోల్టు ముందు పట్టాలండీ, అప్పుడు తలుపు కదలదు" అని ఓపికగా నేర్పాడు. రెండోసారి టక్కుమంది. యజమాని చప్పట్లు కొట్టాడు. తర్వాత జాకీని చూశాడు, అన్నయ్య భుజాన్ని చూశాడు.

"ఇన్నాళ్లూ దీంతోనేనా?"

"అవునండీ." అబద్ధం ఆడటం అన్నయ్యకు చేతకాదు.

"పోనీలే, ఇకనైనా ఆ భుజానికి విశ్రాంతి ఇవ్వు. ఈ నెలాఖరు దాకా రా."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే కాళ్లు పట్టుకునేవాణ్ణి.

అన్నయ్య పొట్టిపీట తుడిచి గోడకు ఆనించాడు. నా పక్కకు వచ్చి, "ఎడం చక్రం కిర్రుమంటోంది, కాస్త నూనె వెయ్యి" అన్నాడు. నేను నూనె డబ్బా అందుకుంటుంటే, "మీ వదినకి నేనే చెప్తాలే" అన్నాడు.

సాయంత్రం యజమాని, తనదే అయిన అవతలి షెడ్డుకు కూడా ఇలాంటిదే ఒకటి చేయమన్నాడు. అక్కడ స్టెప్నీలు ఎత్తే మనిషికి పని నేర్పింది అన్నయ్యే. కుదరదని చెప్పాల్సింది. "సరేనండీ" అన్నాను. కొత్త గొట్టం కింద పరిచి టేపు లాగాను. అన్నయ్య అలవాటు కొద్దీ వంగి, ఎడంచేత్తో అవతలి కొస పట్టుకున్నాడు.