అడ్డువరస పాఠం

ఉల్లిపాయలు తరుగుతూ ఆ ఇంటి కోడలు గోడకి పాఠం చెబుతోంది. అడ్డు తగలకుండా ఆమె మాట వినేది ఆ ఇంట్లో గోడ ఒక్కటే. తను చిన్నపిల్లలకి చెప్పే బడిలోనే పెద్ద క్లాసుకి రసాయనశాస్త్రం చెబుతారా అని హెడ్మాస్టరు ఆమెని అడిగాడు. రేపు పొద్దున్నకల్లా ఔనో కాదో తేల్చాలి. ఔనంటే సాయంత్రం ఆరైతే గాని ఇల్లు చేరలేదు. "పెద్ద క్లాసులంటే మాటలా? చిన్నపిల్లలకి చెప్పుకుంటే హాయిగా మూడింటికల్లా ఇంట్లో ఉంటావు," అన్నాడు మొగుడు. హాయి ఎవరికో చెప్పలేదు. మూడింటికి చెప్పులు విప్పిన మనిషి నడుం వాల్చేది అందరి కంచాలూ కడిగాకే. ఆ పనికి సెలవుల్లేవు, జీతం ఊసే లేదు. అయినా పెద్ద క్లాసు మీద ఆమెకి ఆశ చావలేదు. చదివిన చదువంతా అక్కడే ఉంది మరి.

"ఎవరితోనే ఆ మాటలు?" చిక్కుళ్ళు వలుస్తూ అత్తగారు అడిగింది.

"మూలకాలతో, అత్తయ్యా." గోడకి అంటించిన మూలకాల పట్టిక పటం చూపించింది.

"ఆ గళ్ళేమిటి?"

కాపురానికొచ్చాక ఆమెను చొక్కా ఎక్కడుందనీ, తాళాలెక్కడున్నాయనీ అడిగారు గాని, ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు. ప్రాణం లేచొచ్చింది.

"నిలువు వరసలో కిందికి దిగేకొద్దీ పరమాణువుకి ఒక్కో పొర చేరుతుంది, ఈ ఉల్లిపాయకి మల్లే. అందుకే పెద్దదవుతుంది."

"మరి అడ్డంగా పోతే?"

"గడిగడికీ ఒక్కో ఎలక్ట్రాన్ ఎక్కువవుతుంది."

"అయితే ఇంకా లావెక్కుతుందన్నమాట."

"లేదు, చిన్నదైపోతుంది."

"ఓసి నీ దుంపతెగ! చేరేకొద్దీ చిన్నదవడమేమిటే, చోద్యం కాకపోతే?"

"కొత్త పొర రాదుగా అత్తయ్యా. నడిమధ్య ఉన్న కేంద్రకం లాగుడు మాత్రం పెరుగుతూ పోతుంది. అన్నిటినీ లోపలికి గుంజుకుంటుంది."

అత్తగారి చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "పెళ్ళయిన కొత్తలో నేను పాడేదాన్ని, తెలుసా? మా మావగారి మందులు, మరుదుల చదువులు, పిల్లలు... ఒక్కోటీ వచ్చి చేరాయి. పాట ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. ఈ పటం గీసినవాళ్ళు మనింటికి గాని వచ్చి చూశారా ఏమిటే?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక కోడలికి భయమేసింది. తనిప్పుడు ఎన్నో గడిలో ఉందో!

"టీ ఏమైంది?" హాల్లోంచి మొగుడి కేక.

అలవాటుగా ఆమె చెయ్యి స్టవ్ వైపు వెళ్ళింది. ఈలోగా అత్తగారే అరిచింది: "నువ్వే పెట్టుకోరా, నేను చదువుకుంటున్నాను!" అని, పటం దగ్గరికి జరిగి కళ్ళు చికిలించింది. "ఈ చివర నిలువు వరస ఎవరిదే?"

కోడలు కత్తి పక్కన పెట్టింది.

"వాళ్ళ సంగతి రేపు చెబుతాను, అత్తయ్యా. ఆరింటికి, బడి నుంచి వచ్చాక."