నా గొర్రె నవ్వింది

ఫోన్ మోగేసరికి నేను ఇంట్లో అందరి బూట్లకూ అంటిన పేడ గీకుతున్నాను. మా ఆయన ఓద్దుర్ రెండు మాటలు మాట్లాడి, ఫోన్ పెట్టేసి, నన్ను అమాంతం ఎత్తి వంటింట్లో గిరగిరా తిప్పేశాడు. ఈ వసంతంలో పుట్టిన మా ఆడ గొర్రెపిల్లలన్నిటినీ లోయలో మూడు ఇళ్లవాళ్లు కొంటారట. రేపే లారీ వస్తుందట. పెళ్లయి అయిదు నెలలైనా, అతను ఎత్తితే నాకు నవ్వాగదు. చేతిలో బూటుతోనే నవ్వాను.

"వాటికి పురుడు పోసింది స్వాలాయే కదమ్మా," అన్నాడు నన్ను చూపిస్తూ వాళ్లమ్మతో.

"పొయ్యాలి మరి. కాలేజీ చదువు దేనికో ఒకదానికి పనికి రావాలిగా," అంది అత్తయ్య. "అట్లు పొయ్యి, అమ్మాయ్. నోరు తీపి చేసుకుందాం."

గొర్రెపిల్లల్ని చూసుకోవడానికి ఇద్దరూ కొట్టంలోకి వెళ్లారు. పలచని అట్టు అంచు ఎర్రబడుతుంటే చూడటం నాకెంతో ఇష్టం. ఇవాళ మాత్రం పెనం దించి ఫోన్ వైపు చూశాను.

నిన్న వేసవి మేత ముగించి మందలు కొండలు దిగాయి. దొడ్లో మగవాళ్లు చెవి గుర్తులు చూసి గొర్రెల్ని విడదీస్తుంటే, ఆడవాళ్లం రొట్టెలకు వెన్న రాస్తూ నిలబడ్డాం. డిమ్మా కనిపించగానే పరుగెత్తాను. అది నా గొర్రె. కొత్త కోడలికి గొర్రెనివ్వడం వీళ్లింటి ఆనవాయితీ. ఏప్రిల్లో అత్తయ్య దాన్ని, చూలుతో ఉన్నదాన్ని, చెల్లెలి ఇంటి నుంచి గుర్రాల్ని ఎక్కించే బండిలో దుప్పటి కప్పి తెచ్చింది. గొర్రెల్ని చంపే గోకుడు రోగం ఉన్న వైపు నుంచి, దాన్ని ఆపడానికి కట్టిన కంచె దాటించి గొర్రెని తేకూడదని ఐస్‌లాండ్‌లో చిన్నపిల్లలకీ తెలుసు. "మా చెల్లెలి గొర్రెకి రోగమేంటి?" అంది. పెళ్లి సంబరంలో నేను డిమ్మా మెడ కౌగిలించుకుని ఊరుకున్నాను.

నిన్న వీపు గోకితే అది తల పైకెత్తి పెదాలాడించింది. "ఓద్దుర్, చూడు, నవ్వుతోంది!" అని అరిచాను. నడుం మీద ఉన్ని ఊడిపోయి ఉంది. మళ్లీ గోకాను. మళ్లీ అదే నవ్వు. మూడోసారి నాకు నవ్వు రాలేదు.

వ్యవసాయ కాలేజీలో చదివిందే. ఆ రోగానికి కారణం క్రిమి కాదు. ఒంట్లోని మాంసకృత్తి ఒకటి వంకరగా మడత పడి, పక్కదాన్ని తాకి దాన్నీ తనలా మడిచేస్తుంది. జ్వరం ఉండదు. పేగుల్లో, నరాల్లో ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పాకి మెదడుకెక్కుతుంది. గోక్కోవడం, గోకితే అలా పెదాలాడించడం ఆ తర్వాతే. ఈలోగా ఈనినప్పుడల్లా మాయతో, ఉమ్మనీటితో బయటికొస్తుంది. మే నెలలో డిమ్మా మాయని గడ్డిలోంచి ఈ చేతులతోనే ఏరాను. అప్పటికే పక్క గొర్రెలు నాకేశాయి. ఆ గడ్డి మీదే ఈ పిల్లలన్నీ పడ్డాయి.

నిన్న ఇంటికి రాగానే చెప్పాను. ఓద్దుర్ మొహం మాడిపోయింది. "తెలిస్తే సర్కారువాళ్లు మంద మొత్తం చంపేస్తారు స్వాలా. అమ్మ చేసింది బయటపడుతుంది. పిల్లల్ని పంపేశాక చూద్దాంలే," అని నా నుదుటి మీద ముద్దు పెట్టాడు. అత్తయ్య విననట్టే కాఫీ కలుపుకుంది. ఆవిణ్ని చూసి అతనూ, అతన్ని చూసి నేనూ ఊరుకున్నాం. ఒకరిని తాకి ఒకరం మడత పడ్డాం.

వాళ్లు చేతులు కడుక్కొచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. అట్ల మీద మీగడ వేసి ఇద్దరి ముందూ పెట్టాను.

"నీకేదీ?" అంది అత్తయ్య.

"మీరు కొట్టంలో ఉండగా ఫోన్ చేశాను. లారీని రావద్దన్నాను," అన్నాను. "రేపు ఎనిమిదింటికి పశువుల డాక్టరమ్మ వస్తుంది. డిమ్మాని నేనే పట్టుకుంటాను. అది ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా నేనే చెప్తాను."