దేవదానం సారు తుపాను

బంగాళాఖాతంలో గాలి కాస్త సుడి తిరిగితే చాలు, ఆళ్లగడ్డలో దేవదానం సారుకు అన్నం సహించదు. సోషల్ మాస్టారుగా రిటైరైన రోజున బడివాళ్లు కానుకగా ఇచ్చిన ఇండియా మ్యాపు ఆయన ముందుగదిలో వేలాడుతుంటుంది. అండమాన్ దగ్గర గుండుసూది గుచ్చి, పూటపూటకూ దాన్ని పడమటికి జరుపుతుంటాడు.

"తుపాను తీరం దాటేది అమెరికా వాళ్ల లెక్క నెల్లూరంటాంది, యూరప్ వాళ్లది బందరంటాంది" అన్నాడు ఆ బుధవారం, ఫోన్లోంచి తలెత్తకుండా.

"నా లెక్క ఇంట్లో నూనె లేదంటాంది" అంది భార్య జయలక్ష్మి.

నూనె సంగతి ఎలా ఉన్నా, ఊళ్లో సారు పరువు మాత్రం అప్పటికే అడుగంటింది. ఆ ఏడు రెండుసార్లు రైతుల వాట్సాప్ గ్రూపులో "వాన ముంచేస్తుంది" అని గొంతు చించుకున్నాడు. నంద్యాల రోడ్డు మీద ఆరబోసిన మొక్కజొన్నలను జనం పడుతూ లేస్తూ మూటలు కట్టారు. రెండుసార్లూ ఎండ మాడు పగలగొట్టింది. అప్పటినుంచి సారు వానంటే గింజలు ఆరబోయడం, ఎండంటే ఎత్తేయడం ఊరికి అలవాటైపోయింది. అందరికన్నా ముందుండేది జయలక్ష్మి సొంత తమ్ముడు సుందరరాజే.

గురువారం పొద్దున అమెరికా, యూరప్ ఒక్కమాట మీదికొచ్చాయి. సారు నోటుబుక్కు తీసి, "శుక్రవారం సాయంత్రం నాలుగు, ఆళ్లగడ్డ, భారీ వాన" అని రాసుకున్నాడు. సంబరంగా గ్రూపు తెరిచి, అంతలోనే ఆగిపోయాడు. సుందరరాజు మూడెకరాల పంట రోడ్డు మీదే ఉంది. వానొస్తుందంటే వాడు ఇంకాస్త పలచగా పరుస్తాడు.

"రాదని చెప్పు" అంది జయలక్ష్మి.

"చర్చిలో సంఘ పెద్దను, అబద్ధమాడమంటావా? అదీ ఒక్కసారి నా మాట నిజమయ్యేటప్పుడు!"

"మా తమ్ముడి గింజలు మొలకలొస్తే నీ నిజాన్ని ఉడకేసుకుని తింటావా?"

సారుకు ఏడుపొక్కటే తక్కువ. "చుక్క కూడా పడదు. నాదీ పూచీ" అని గ్రూపులో పెట్టాడు.

ఐదు నిమిషాల్లో సుందరరాజు ఫోన్ చేశాడు. "బావా, వాన రాదంటాండావా? ఖాయమేనా?"

"ఖాయం రా."

"అట్లయితే ట్రాక్టర్ పిలుస్తాండా."

సాయంత్రానికి రోడ్డు ఖాళీ అయింది. చర్చి హాలు మూటలతో నిండిపోయింది.

శుక్రవారం నాలుగూ పదికి తొలి చినుకు పడింది. రాత్రికల్లా నంద్యాల దాకా వాగులన్నీ రోడ్డెక్కాయి. "పది నిమిషాలే తేడా!" అని సారు జయలక్ష్మికి చెప్పాడు. ఇంకెవరికి చెప్పుకుంటాడు? గ్రూపు నిండా నవ్వే బొమ్మలు. "సారూ, మళ్లా తప్పినావే!"

ఆదివారం ఆరాధన ఆ మూటల మధ్యే జరిగింది. దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యాలు చెప్పే వేళ సుందరరాజు లేచి నిలబడ్డాడు.

"దేవునికి స్తోత్రం. మా బావ నోట తప్పు పలికించి మా గింజల్ని కాపాడినాడు. మా బావ ఎప్పుడూ ఇట్లే తప్పు చెప్తా ఉండేటట్టు అందరూ ప్రార్థన చేయండప్పా."

"ఆమెన్!" హాలు దద్దరిల్లింది.

బైబిల్లో దాచి తెచ్చిన నోటుబుక్కు మీద సారు చెయ్యి పడింది. లేచి అందరికీ చూపించాలని ప్రాణం కొట్టుకుంది. పక్కనున్న మూటను తడిమి చూశాడు. గింజలు గలగలమన్నాయి, ఎక్కడా తడి లేదు. ఆడవాళ్ల వరసలోంచి జయలక్ష్మి కళ్లురిమింది.

"ఆమెన్" అన్నాడు దేవదానం సారు, అందరికన్నా ఆలస్యంగా.